వైకుంఠం బాపు పసుపు పూసిన కోళ్లు

ఎక్కడైనా కోడి వెనక భాగం మురికిగా కనిపిస్తే వైకుంఠం బాపుకు ఆ పూట ముద్ద దిగదు. ఇంతకంటే మర్యాదగా ఈ సంగతి చెప్పడం నా వల్ల కాదు. అది ఆయన కోడే కానక్కర్లేదు. మా జహనుమా గల్లీలో ఎవరి కోడైనా సరే, తోక కింద ఈకలకు ఇంత రెట్ట అంటుకుని ఎండిందంటే చాలు, ఇంటివాళ్లను మాట మాత్రమైనా అడగడు. దాన్ని ఒడిసిపట్టి, చంకలో ఇరికించుకుని, మీ గడప దగ్గరే చతికిలబడి కడిగేస్తాడు. కడిగి ఊరుకుంటే నేను ఇవాళ ఇంత కడుపుమంటతో ఈ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు. కడుగుతున్నంతసేపూ ఆ ఇంటి ఆడవాళ్ల శుభ్రత గురించి గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా వినబడేలా మాట్లాడతాడు.

పుట్టుకతోనే ఇలాంటివాడు కాదట. వయసులో ఉన్నప్పుడు ఒక నవాబుగారి దేవిడీలో సాయీసుగా ఉండేవాడు. బగ్గీ గుర్రాలను తోమడం, కడగడం, తోక వెంట్రుకలు చిక్కు తీసి దువ్వడం ఆయన కొలువు. కొన్నాళ్లకు నవాబుగారు గుర్రాలను అమ్మేసి మోటారు కొన్నారు. బాపును మోటారు కడగమన్నారట. కడుగుదామని చుట్టూ తిరిగి చూశాడట, తోక కనబడలేదట. తోక లేనిదాన్ని కడగడం తనకు రాదని చెప్పి, ఇత్తడి గుండీల ఖాకీ కోటు తొడుక్కుని, గుర్రాలను తోమిన బురుసు జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ చేతులు ఊరుకోవు కదా. గల్లీలో తోక ఉన్న జీవాల కోసం వెతికితే కోళ్లు దొరికాయి. మా ఖర్మ.

పని మాత్రం, నా నోటితో నేనే ఒప్పుకోవాలి, ముచ్చటగా చేసేవాడు. ముందు కోడి తల మీద గుడ్డ కప్పుతాడు. చీకటి పడిందనుకుని అది గమ్మున ఉంటుంది. తల వెనక్కి, తోక ముందుకి వచ్చేలా ఎడమ చంకలో పెట్టుకుంటాడు. ఎండి గడ్డకట్టిన రెట్టను పొరపాటున కూడా గిల్లడు, లాగితే ఈకతో పాటు చర్మం ఊడి వస్తుందట. గోరువెచ్చటి నీళ్లు కొంచెం కొంచెంగా పోసి నానబెట్టి, కుంకుడుకాయ నురగతో వేళ్ల చివర్లు పెట్టి కరిగిస్తాడు. ఎంతకీ వదలని ఈకల కొసలను చిన్న కత్తెరతో కత్తిరిస్తాడు. పళ్ల సందు నుంచి హుస్ హుస్ అంటూనే ఉంటాడు, గుర్రాలకు అలవాటైన చప్పుడు అది. ఆ తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది, ఒళ్లో పెట్టుకుని, పూర్తిగా ఆరేదాకా ఎండలో కూర్చుంటాడు. తడి కోడిని గూట్లో వేసేవాడికి పాపం తగులుతుందని ఆయన నమ్మకం.

నేను మాదన్నపేట నుంచి కొత్త కోడలిగా వచ్చినదాన్ని. మా పుట్టింట్లో నన్ను శుభ్రానికి పెట్టింది పేరనేవారు. నేను ఊడ్చిన వాకిట్లో పాలు పోసి ఎత్తుకోవచ్చు. అలాంటి నన్ను, కాపురానికి వచ్చి నెల తిరగకముందే, నల్లా దగ్గర బిందెలు పట్టుకుని గల్లీ ఆడవాళ్లంతా నిలబడి ఉండగా ఆ పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా?

"బాలకిషన్ పెండ్లాం ముగ్గు మంచిగనే ఏస్తది. గని గా ముగ్గు తొక్కే కోడి ఎనక సూస్తే అన్నం తినబుద్ధి గాదు."

నాకు తల కొట్టేసినట్టయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. బిందె కింద పెట్టి, కొంగు దోపి, నా కోడి వెనక నీకేం పని బాపూ అని నిలదీశాను.

"కోడి నీదే బిడ్డా. ఆ సంగతి ఈగలకు తెల్వదు గదా. నీ కోడి మీద వాలినయి నా కోడి మీదికొస్తయి."

ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి బాపు మా గూట్లో తడి పొట్టు తీయించాడు, పొడి బూడిద పోయించాడు, బూజు పట్టిన తవుడు పారబోయించాడు, కోడి నీళ్ల ముంతను పొద్దునా సాయంత్రం కడిగించాడు. ఇదంతా మా అత్త కొమురమ్మ చేత కాదు, నా చేతే. మా ఆయనతో మొర పెట్టుకుంటే, పోనీయ్ రాదే, కడిగేది మన కోడినే గదా అని అటు తిరిగి పడుకున్నాడు. అట్లా ఉండేది నా పరిస్థితి.

మంచీ చెడూ చూసుకునే మనిషైతే కొంత నయం. మా గల్లీ శివయ్య వాళ్ల అవ్వ పోయినప్పుడు పలకరింపుకు అందరం వెళ్లాం. బాపు గోడకు ఆనుకుని తల వంచుకుని కూర్చున్నాడు. చూసినవాళ్లు, పాపం దుఃఖంలో ఉన్నాడనే అనుకున్నారు. కాసేపటికి లేచి, గొంతు తగ్గించి, కొంచెం గోరువెచ్చటి నీళ్లు కావాలన్నాడు. దినాలు కాని ఇల్లు, పెద్దమనిషి అడిగాడు, ఏ శాంతి కోసమో అనుకుని శివయ్య భార్య పరుగున వెళ్లి చెంబు నిండా తెచ్చింది. ఆయన చెంబు పట్టుకుని పెరట్లోకి నడిచాడు. మేమంతా చేతులు కట్టుకుని భక్తిగా వెనకే వెళ్లాం. వెళ్లి చూద్దుము కదా, అప్పటిదాకా మంచం కింద తిరుగుతున్న పెట్ట ఆయన చంకలో ఉంది.

మీ అవ్వ ఉన్నప్పుడు గీ కోడి గిట్ల ఉండెనారా అని శివయ్యను అడిగాడు. ఎంతో కష్టపడి ఊరడిల్లిన శివయ్య మళ్లీ బావురుమన్నాడు. సాయంత్రం దాకా కోడి బాపు ఒళ్లో ఆరింది, శివయ్య బాపు పక్కన కూర్చుని వాళ్ల అవ్వ కోళ్లను ఎలా సాకిందో చెబుతూనే ఉన్నాడు. చావింట్లో మాట్లాడుకోవాల్సిన మాటలా అవి?

ఇవన్నీ ఒక ఎత్తు, పసుపు ఒక ఎత్తు. అసలు నా కోపమంతా పసుపు మీదే.

మా దగ్గర మైసమ్మకు మొక్కిన కోడికి పసుపు పూస్తారు. పసుపు పడిందంటే అది ఇక అమ్మవారి సొత్తు. ఆషాఢంలో బోనాల నాడు అమ్మ ముందు కోస్తారు, లేదంటే అమ్మ పేరు మీద బతికినన్నాళ్లు విడిచిపెడతారు. ఈలోగా దాని మీద ఎవరూ కత్తి పెట్టరు, అమ్మరు, కొనరు. కోళ్ల దొంగ కూడా దండం పెట్టి తప్పుకుంటాడు. వైకుంఠం బాపు కడిగిన కోడికి పసుపు పూసేవాడు. మొక్కు కాదు, మందు అనేవాడు. చర్మం ఎర్రబడిన చోట మంచినూనెలో పసుపు కలిపి రాస్తే పుండు మానుతుందట. సరే, మందే అనుకుందాం. మందును ఎవరైనా పుండున్న చోట రాస్తారు. ఈయన తోక కింద మొదలుపెట్టి, రెక్కలు దాటి, వీపు మీదుగా మెడ దాకా వెళ్లేవాడు.

మా ఆయనది ఫలక్‌నుమా స్టేషన్లో సిగ్నల్ దీపాలు వెలిగించే కొలువు. ఒక చలికాలం వాళ్ల పెద్ద సారు మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. అంత పెద్దమనిషి మా ఇంటి గడప తొక్కడం మాటలా? నేను అప్పుడు కడుపుతో ఉన్నాను, వంగితే లేవలేను. అయినా సరే, నల్లపెట్టను కోసి పులుసు పెడదామని మసాలా నూరుకుని, దాన్ని గంప కింద మూసి ఉంచాను. తెల్లారి గంప ఎత్తితే నల్లపెట్ట లేదు, పచ్చపెట్ట ఉంది. తోక నుంచి మెడ దాకా మిలమిలా మెరుస్తోంది. నేను నోరు తెరిచేలోపే మా అత్త చెప్పులు విడిచి, ఆ కోడికి దండం పెట్టింది.

అది మందు అత్తా, ఆ మాయదారి మనిషి పూసిన మందు అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వినదే. చివరికి వైకుంఠం బాపును పిలుచుకొచ్చి ఆయన చేతే చెప్పించాను. ఆయన నిజాయితీగా, మందే కొమురక్కా అన్నాడు.

"నీకు మందే తమ్మీ. అమ్మకు తెల్వదా అది పసుపని?" అంది మా అత్త.

ఇక దానికి అప్పీలు లేదు. స్టేషన్ పెద్ద సారుకు వంకాయ కూర పెట్టాను. ఆయన మసాలా వాసన పీల్చుకుంటూ, ముక్క కోసం గిన్నె అడుగు దాకా వెతికి, వంకాయ బాగుందమ్మా అని లేచాడు. మా ఆయన నాతో కొన్నాళ్లు ముక్తసరిగా మాట్లాడాడు. పసుపు పూసింది ఎవరు, మాటలు పడింది ఎవరు? కోయడానికి వీల్లేని ఆ కోడి మాత్రం దర్జాగా గుడ్లు పెట్టుకుంటూ పోయింది. అమ్మవారి కోడి గుడ్డు ప్రసాదమంటూ అత్త ఉడికించి తెచ్చి, నేను మింగేదాకా ఎదురుగా కూర్చునేది. కానుపయ్యాక కూడా వదల్లేదు. గుడ్డు వాసనంటే నాకు అప్పటికే వికారం పుట్టింది.

పోనీ అందరి కోళ్లకూ ఒకే న్యాయమా అంటే, అదీ లేదు. పాల లక్ష్మయ్య గల్లీ మొదట్లో బర్లను కట్టేసుకుని ఉండేవాడు. ఆయన దొడ్డి నిండా కొవ్వు పట్టిన ముసలి పెట్టలే. బాపు వాటినీ కడిగేవాడు, ఆరబెట్టేవాడు, హుస్ హుస్ అనేవాడు. పసుపు మాత్రం చుక్క పూసేవాడు కాదు. లక్ష్మయ్య తనకు బుద్ధి పుట్టినప్పుడల్లా ఒకదాన్ని కోసుకుని, ఆ వాసన మా ఇళ్ల మీదికి వదిలేవాడు. లక్ష్మయ్య కోళ్లకు చర్మం లేదా, వాటికి మందు అక్కర్లేదా అని బాపును నల్లా దగ్గరే అడిగాను. ఆయన ఆకాశం వైపు చూసి, మబ్బు పట్టింది, బట్టలు తీసుకో బిడ్డా అన్నాడు. ఎండ పెళపెళలాడుతోంది.

ఇప్పుడు ఆండాలు సంగతి చెప్పాలి. మా గోడ పక్క గదిలో ఉండేది. మొగుడు జ్వరంతో పోయాడు, చేతిలో పాలు తాగే ఆడపిల్ల. దిగులుకో, తిండి చాలకో తల్లికి పాలు ఎండిపోయాయి. పొద్దస్తమానం బీడీలు చుట్టినా ఇద్దరి గంజికే సరిపోయేది. మొగుడు ఉన్నప్పుడు కొన్న చుక్కల పెట్ట ఒకటే ఆమె ఆస్తి. అది గుడ్డు పెట్టిన రోజు ఆ గుడ్డు లక్ష్మయ్య ఇంటికి వెళ్లేది, పిల్లకు పాలు వచ్చేవి. లక్ష్మయ్య కొడుకు తాలీములో కుస్తీ పట్టేవాడు, వాడికి పచ్చి గుడ్లు కావాలి. లక్ష్మయ్య కోళ్లా గుడ్లు పెట్టవు. అట్లా కుదిరింది వాళ్ల బేరం. కోడి గుడ్డు పెట్టకపోతే పిల్ల బియ్యం కడిగిన నీళ్లు తాగి, రాత్రంతా ఏడ్చేది. గోడకు ఇవతల పడుకున్న నాకు అది వినబడేది.

తొలకరి పడింది. ముసురు, ఈగలు, బురద. ఆండాలు బీడీల మీద వంచిన తల ఎత్తకపోవడంతో చుక్కలపెట్ట సంగతి చూసుకోలేదు. దానికి విరేచనాలు పట్టి, తోక కింద ఈకలన్నీ ముద్దకట్టాయి. ఆ ముద్దలో ఈగలు గుడ్లు పెట్టాయి. వైకుంఠం బాపు చూసేసరికి ఈకల కింద పురుగులు కదులుతున్నాయి. కోడి రెక్కలు వేలాడేసి, ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటోంది.

ఆ రోజు ఆయన గల్లీకి వినబడేలా మాట్లాడలేదు. దానికే నాకు భయం వేసింది. వెచ్చటి నీళ్లలో ఉప్పు వేయించాడు. ఈకలన్నీ మొదలంటా కత్తిరించి, ఒక్కో పురుగునూ ఏరి పారేశాడు. ఆండాలు పిల్లను ఒళ్లో వేసుకుని, బాపూ, అది బతుకుతదా అని అడుగుతూనే ఉంది. బతుకుతది, నువ్వు ఫికర్ చెయ్యకు అంటూనే ఉన్నాడు ఆయన. కోడిని తన గదికి తీసుకెళ్లి, పొడి గోనె మీద ఈగలు వాలకుండా వలగుడ్డ కప్పి, మజ్జిగలో జొన్నపిండి కలిపి తినిపించాడు. ఆ రోజుల్లో ఆండాలు పిల్లకు పాలు ఎక్కడివని అడుగుతారేమో. మా ఇంటి నుంచి నేనే పోశాను, గల్లీలో మిగతావాళ్లూ పోశారు, అదేం గొప్ప కాదు. కానీ ఆండాలు అభిమానం గల పిల్ల. పోసిన ప్రతిసారీ చచ్చిపోయేంత సిగ్గుపడేది, మర్నాడు వద్దనేది. కోడి ఉంటే ఆమె ఎవరి ముందూ తల దించక్కర్లేదు.

కోడి బతికింది. వెనక ఈకలు లేక బోసిగా, పసుపుతో నిగనిగలాడుతూ, బాపు చంకలో ఎక్కి ఆండాలు గడపకు వచ్చింది. నేనూ పిల్లాణ్ణి ఎత్తుకుని అక్కడే నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే మైసయ్య దిగాడు.

మైసయ్య అంటే ఆండాలు మొగుడికి అన్న. కల్లు దుకాణం తెరిచేటప్పుడు ఒకసారి, మూసేటప్పుడు ఒకసారి లెక్కగా కనిపించే మనిషి. తమ్ముడు పోయిన నాడు వచ్చి చాప మీద కూర్చున్నాడు తప్ప, ఆ తర్వాత తమ్ముడి బిడ్డ ఉందో పోయిందో చూసినవాడు కాదు. ఇవాళ ఏమిటయ్యా అంటే, దోస్తులు వస్తున్నారట, కోడి కావాలట. తమ్ముడు కొన్న కోడి తనది కాక ఎవరిదట. అంటూనే బాపు చంకలోంచి దాని కాళ్లు పట్టి లాగేసుకున్నాడు.

"బావా, పిల్ల పాలు గా కోడే" అంది ఆండాలు.

నాకు ఒళ్లు తెలియలేదు. ముందుకు దూకబోయాను. చంకలో పిల్లాడు ఉన్నాడు. ఈలోగా మైసయ్య కోడిని తలకిందులుగా పట్టుకుని చూశాడు. పసుపు కనబడింది. చేయి ఆగింది.

"గీ పసుపేంది?"

ఇంకేముంది, మందు అంటాడు ఈ సత్యహరిశ్చంద్రుడు, కోడి పోతుంది అనుకున్నాను. ఎన్నేళ్ల నుంచో మందు, మందు అని అరిచిన మనిషి కదా. వైకుంఠం బాపు ఆండాలు వైపు చూశాడు. ఇత్తడి గుండీ ఒకటి పట్టుకుని తిప్పాడు.

"మైసమ్మకు మొక్కింది. వచ్చే బోనాల నాడు అమ్మకు కోసేది ఉన్నది."

మైసయ్య కోడిని నేల మీద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నాం. అబద్ధం అలవాటు లేని మనిషితో ఇదే చిక్కు, ఎక్కడ ఆపాలో తెలియదు. మొక్కింది అని ఊరుకోవచ్చు కదా. అమ్మ పేరు మీద విడిచాం అనవచ్చు కదా. కోసేది ఉందని ఎవరు చెప్పమన్నారు? మైసయ్య వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగాడు. ఇంటి మొక్కు కాబట్టి బోనాల నాడు ఇంటి మగవాడిగా తానే వచ్చి కోస్తానని, కూర తన ఇంటికే పోతుందని చెప్పి మరీ వెళ్లాడు.

ఆండాలు కోడిని గుండెకు హత్తుకుని కూర్చుంది. నేను బాపు మీద పడ్డాను. నాకైతే మందు, వాడికైతే మొక్కా, ఏది నిజమో ఇవాళ చెప్పాల్సిందే అని పట్టుబట్టాను.

"రెండు నిజమే. కోడి ఎనక సూస్తే తెలుస్తది బిడ్డా. మెత్తగ, తడిగ, ఎడంగ ఉంటే గుడ్డు మీద ఉన్నట్టు. ఎండి ముడుచుకున్నదంటే పెట్టుడు ఆగినట్టు. పెట్టేదాన్ని కొయ్యనియ్యొద్దు. పేదోళ్లింట్ల అసలే కొయ్యనియ్యొద్దు. సుట్టం వచ్చిండని, సారు వచ్చిండని కోస్తరు, రేపటి సంది ఏం తింటరు?"

"మరి నాకెందుకు పూసినవ్? మేం ఉపాసముంటున్నమా?"

"అప్పుడు కడుపుతోటి ఉన్నవ్. ముఖం తెల్లగ పాలిపోయి ఉంటివి. మొగని సారు కోసమని గుడ్డు పెట్టే నల్లదాన్ని కోస్తనంటివి. నీకు చెప్తే వింటవా? నువ్వు ఎవ్వరి మాట వింటవు గనుక?"

చూశారా, ఎంత మాట? నన్ను, గల్లీలో అందరి మాటా వినే నన్ను. నా కోడి, నా కడుపు, నా ముఖం, ఈయనకెందుకు? కోపంతో నా కళ్లలో నీళ్లు వచ్చాయి. కోపం వస్తే నాకు నీళ్లు రావడం చిన్నప్పటి నుంచీ ఉంది. మరి బోనాల నాడు ఏం చేస్తావని అడిగితే, సూద్దాం అన్నాడు.

ఆషాఢం వచ్చింది. ఆండాలు రోజు రోజుకీ చిక్కిపోయింది. చుక్కలపెట్ట మళ్లీ గుడ్డు మీదికి వచ్చింది, పిల్లకు మళ్లీ పాలు వస్తున్నాయి, సరిగ్గా ఇప్పుడే దాన్ని ఇచ్చేయాలి. అమ్మవారి పేరు చెప్పాక వెనక్కి తీసుకోవడం ఆండాలుకు చేతకాదు. పిల్లకు ఏదైనా అయితే అన్న భయం ఆమెను నోరు మెదపనివ్వలేదు.

బోనాల నాడు గల్లీ మొగన మైసమ్మ గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. డప్పులు, వేపాకులు, కొరడా ఊపుతూ పోతరాజు. నేను నెత్తిన బోనం కుండతో వరసలో ఉన్నాను. ఆండాలు ఒక చంకలో పిల్లతో, ఒక చంకలో కోడితో వచ్చింది. మైసయ్య కత్తి నూరుకుని సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు వైకుంఠం బాపు ఖాకీ కోటు తొడుక్కుని, చంకలో బాద్షాను పెట్టుకుని వచ్చాడు.

బాద్షా అంటే ఆయన పుంజు. ఎర్రగా, ఠీవిగా ఉండేది. పెళ్లాం పోయి, పిల్లలు లేక, ఆ గదిలో ఆయనకు ఉన్న తోడు అదొక్కటే. రాత్రి ఆయన మంచం కోడు మీద నిద్రపోయేది, ఆయన కంచంలోనే తినేది. పొద్దున దాని కూత విన్నాకే ఆయన లేచేవాడు.

డప్పులు ఆపమని చెయ్యి ఎత్తాడు. చెంబు కింద పెట్టాడు, పుంజు తల మీద గుడ్డ కప్పాడు, కుంకుడు నురగ తీశాడు. అమ్మకు ఇచ్చేదాన్ని మురికిగా ఇస్తామా అంటూ అంత జనం ముందు దాని వెనక కడగడం మొదలుపెట్టాడు. హుస్ హుస్. పోతరాజు కొరడా భుజం మీద వేసుకుని నిలబడిపోయాడు. కడగడం మామూలు కంటే చాలాసేపు పట్టింది. కడిగిన చోటే మళ్లీ కడిగాడు.

చివరికి లేచి పుంజును మైసయ్య చేతిలో పెట్టాడు. పెట్ట మొక్కుకు పుంజునిస్తే అమ్మ కాదనదని, ఆడపిల్ల కోడిని ఆడపిల్లకు వదలమని చెప్పాడు. మైసయ్య పుంజు బరువు చూసుకుని సంతోషంగా తలూపాడు. బాపు గుడి వైపు తిరిగి చేతులు జోడించాడు. చిన్నగానే అన్నాడు గానీ, బోనమెత్తుకుని పక్కనే ఉన్న నాకూ మా అత్తకూ వినబడింది.

"తల్లీ, నీ పేరు మీద అబద్ధమాడిన. గల్లీల నేను పసుపు పూసిన పెట్టలన్నిటికి గీ ఒక్కడు. మాఫ్ చెయ్."

నాకు ఎంత మండిందో చెప్పలేను. అందరి కోళ్లనూ కాపాడి, తన కోడిని తీసుకొచ్చి కత్తి కింద పెడతాడా? ఎవరినైనా ఒక మాట అడిగాడా? నాకు ఒక ముక్క చెప్పాడా? మా ఇంట్లో పుంజు లేదా? ఇంత పొగరు మనిషికి పనికి రాదు. నేను బోనం దించాను. దానికి పూసిన పసుపు ఇంకా తడి ఆరలేదు. రెండు చేతులతో గీకి, మైసయ్య చేతిలో ఉండగానే ఆ పుంజుకు తోక నుంచి మెడ దాకా పూసి పారేశాను.

"గీ కోడిని అమ్మ పేరు మీద విడిచినం. కత్తి లోపల పెట్టు."

డప్పులు ఎలాగూ ఆగే ఉన్నాయి. మైసయ్య నోరు వెళ్లబెట్టి మా అత్త వైపు చూశాడు, గల్లీకి పెద్ద ఆమే కాబట్టి. మా అత్త వైకుంఠం బాపు ముఖంలోకి చూసింది. అమ్మ పేరు మీద అబద్ధమా అని కడిగేస్తుందనుకున్నాను. ఆమె చెప్పులు విడిచి, పుంజుకు దండం పెట్టింది.

"పసుపు పడ్డది, ఇగ అయిపోయింది. విడుచుడు కూడ మొక్కే. ఆండాలు మొక్కు తీరింది, గల్లీ మొక్కు తీరింది. దించు మైసయ్యా."

మైసయ్య దించాడు. దించక చస్తాడా, అంతమంది ఆడవాళ్లు చుట్టూ ఉన్నారు. ఆండాలు కోడినీ పిల్లనూ కలిపి వాటేసుకుని అక్కడే కూలబడి నవ్వింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. డప్పులు మళ్లీ మోగాయి.

అంత చేసిన నన్ను వైకుంఠం బాపు ఏమని మెచ్చుకున్నాడో చెప్పనా? పుంజును ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. తోక ఎత్తి కింద పరిశీలనగా చూశాడు. చూసి, అమ్మవారి ముందు, పోతరాజు ముందు, జహనుమా జనమంతా వింటుండగా అన్నాడు:

"తడి మీదనే పూసినవ్ బిడ్డా. ఆరినంక పూయాలె. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

చెప్పండి, ఇలాంటి మనిషితో ఎలా వేగడం? గుడి నుంచి ఇంటిదాకా ఆయన్ను తిడుతూనే నడిచాను. ఆయన నాకు ముందు నడుస్తున్నాడు. పుంజు తల చంక వెనక నుంచి నన్నే చూస్తోంది. ఆయన మాత్రం దాని తోక ఎత్తిపట్టుకుని, అది ఆరేదాకా, దారి పొడవునా ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ పోయాడు.